నెత్తుట్ల బూజు

మా ఇల్లు అశోక్ నగర్ల ఒక సందుల ఉంటది. మా ఆయన పోయినంక నేను కింద ఉండి, పైన రెండంతస్తులు ఆడపిల్లల హాస్టల్ చేసిన. వచ్చేటోళ్ళంత సర్కారు కొలువుల పరీక్షలకు చదువుకునే పిల్లలే. పొద్దుగాల ఇంత ఉప్మా తిని కొందరు కోచింగ్‌కు పోతరు, కొందరు చిక్కడపల్లి లైబ్రరీకి పోతరు. లైబ్రరీల ఫ్యాన్ కింద జాగ దొరకాలంటే గేటు తీయకముందే పోయి నిలబడాలె. అట్ల అందరికన్న ముందు పోయే పిల్ల ఒకతి ఉండె. ఈ సంగతి ఆ పిల్లదే.

పాలమూరు దిక్కు పల్లె వాళ్ళది. తల్లి చిన్నప్పుడే పోతే నాయనమ్మ సాదింది. తండ్రి తాపీ మేస్త్రీ, పట్నంలనే పని. అంబర్‌పేట్ల ఒక రేకుల రూముల తోటి కూలోళ్ళతోని ఉంటుండె. అక్కడ ఆడపిల్లను పెట్టుకోలేక మా దగ్గర వేసిండు. నెలకొకసారి ఆదివారం నాడు వచ్చి, గేటు బయటనే నిలబడి బిడ్డతోని మాట్లాడి పోతుండె. లోపలికి రమ్మంటే, "వద్దు మేడం, కాళ్ళకు సిమెంటు ఉన్నది" అనేటోడు.

ఆ ఏడు పరీక్ష దగ్గర పడ్డది. పిల్ల మెట్లు దిగుకుంట కడుపు పట్టుకునుడు చూసి ఏందని అడిగితే, "గ్యాస్ ఆంటీ, గోలీ వేసుకున్న" అన్నది. మర్నాడు అన్నం ముట్టలె. వంటామె మజ్జిగ కలిపిస్తే కక్కుకున్నది. దవాఖానకు పోదాం పా అంటే, "పరీక్ష అయినంక చూపించుకుంట" అని దుప్పటి కప్పుకున్నది. ఆ తెల్లారి రూముల పిల్లలు పరేషానయి కిందికి ఉరికొచ్చిండ్రు. పోయి చూస్తే మోకాళ్ళు గదుమకు ఆనించుకొని పండుకున్నది, ఒళ్ళు కాలుతున్నది, పెదవులు తెల్లగ అయినయ్. కడుపు మీద చెయ్యి పెట్టబోతే గట్టిగ అరిచింది.

ఆటోల నారాయణగూడల ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకపోయిన. దారిల పిల్ల తల నా ఒడిలనే ఉండె. లోపల కుర్ర డాక్టరు కడుపు నొక్కి చూసి, స్కానింగ్ చేయించి, అపెండిక్స్ పగిలిందని, వెంటనే ఆపరేషన్ చేయాలని చెప్పిండు.

"మీరు ఆమెకి ఏమవుతారు?" అని అడిగిండు.

హాస్టల్ ఆమెనంటే సంతకం పెట్టనిస్తరో లేదో అని బుగులైంది. "మేనత్తను" అన్న.

తండ్రి ఫోన్ ఎత్తుతలేడు. పైన స్లాబ్ పోస్తున్నడట, ఫోన్ కింద సంచిల ఉన్నదట, తర్వాత తెలిసింది. ఆయన వచ్చేసరికి పిల్ల ఆపరేషన్ థియేటర్ల ఉన్నది. నర్సు ఆయనను చూసి, "మీ చెల్లె సంతకం పెట్టింది, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నది. ఆయన నా దిక్కు ఒకసారి చూసిండు. నేను తల దించుకున్న. ఆయన కాదనలె. వచ్చి బల్లకు ఆ చివర కూర్చున్నడు. గోర్ల సందుల సిమెంటు అట్లనే ఉన్నది.

డాక్టరు బయటికొచ్చి, కడుపంత చీము పట్టిందని, పేగు కొంచెం చెడిపోతే అంత మేరకు తీసేసినమని చెప్పిండు. పిల్లను ఐసీయూల పెట్టిండ్రు. గొంతుల గొట్టం, మెడ దగ్గర పెద్ద నరంలకు ఇంకో గొట్టం. పేగు కుట్లు మానేదాక నోటితోని తినేది లేదు. పాలలెక్క తెల్లటి మందు ఒకటి ఆ మెడ గొట్టం నుంచి పోతుంటది, అదే అన్నం. చీముకు ఒకటి కాదు, తీరుతీరు యాంటీబయాటిక్‌లు ఎక్కిస్తున్నరు. సాయంత్రం ఒక్కరినే లోపలికి తోలుతరు. ఒకనాడు ఆయన పోతే, ఒకనాడు నన్ను పొమ్మనేటోడు. ఎందుకు అట్ల పంచుకున్నడో నేను అడగలె.

ఊర్ల నాయనమ్మకు చెప్పలె. ముసలామె ఫోన్ చేస్తే ఆయన, "పరీక్షలమ్మా, ఫోన్ ముట్టనియ్యరు" అని నవ్వినట్టు మాట్లాడి, ఫోన్ పెట్టి గోడకు ఒరిగేటోడు.

కొన్నాళ్ళకు గొంతుల గొట్టం తీసిండ్రు. నేను పోయిన రోజు పిల్ల కండ్లు తెరిచి, గొంతు బొంగురు పోయి, "పరీక్షకు ఇంక ఎన్నొద్దులున్నయ్ ఆంటీ?" అని అడిగింది. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. "ముందు నోటితోని గంజి తాగే రోజు రానియ్యి, పరీక్ష సంగతి తర్వాత" అన్న. బయటికొచ్చి తండ్రికి చెప్తే, ఆయన ఆ రోజు మొదటిసారి క్యాంటీన్ల కూర్చొని చాయ్ తాగిండు. రేపటినుంచి జర పనికి పోయొస్తనన్నడు.

పోలేకపోయిండు. మర్నాడు పిల్లకు చలి జ్వరం మొదలైంది. మామూలు చలి కాదు. మంచం గడగడ ఊగుతున్నది, పండ్లు కొట్టుకుంటున్నయ్. దుప్పటి మీద దుప్పటి కప్పినా ఆగుతలేదు. మందులు మార్చిండ్రు. ఒక పూట తగ్గినట్టే ఉంటది, మళ్ళ ఎక్కుతది. ఇంకింత పెద్ద మందు పెట్టిండ్రు. అయినా అంతే. రక్తం తీసి పరీక్షకు పంపినం, అండ్ల ఏమన్న పెరుగుతదేమో చూడాలె, రిపోర్టు రావాలంటే ఆగాలె అన్నరు. అట్ల ఆగుతుంటేనే పిల్ల బీపీ పడిపోయింది. మాట తడబడుతున్నది. నన్ను చూసి, "నాయనమ్మా" అన్నది.

ఒక మధ్యాహ్నం ఐసీయూ డాక్టరమ్మ మా ఇద్దరిని పక్క గదిలకు పిలిచింది. చిన్న వయసే. రెండు కుర్చీలు చూపించి, మేం కూర్చునేదాక ఆగింది. అట్ల ఆగుడు చూస్తేనే మంచి మాట కాదని నాకు అర్థమైంది.

"రక్తం రిపోర్టు వచ్చింది. అమ్మాయి రక్తంలో ఫంగస్ పెరుగుతోంది" అన్నది.

"ఫంగస్ అంటే ఏంది మేడం?" అని తండ్రి అడిగిండు.

డాక్టరమ్మ చెప్పేలోపల నా నోటి నుంచే, "బూజు" అని వచ్చేసింది.

"బూజా?" ఆయన నా దిక్కు, ఆమె దిక్కు చూసిండు. "పచ్చడి మీద పడుతది, గదా? నెత్తుట్ల ఎట్ల పడుతది?"

"అదే జాతి, కానీ అది కాదు. ఇది ఈస్ట్ లాంటిది" అని ఆమె నిమ్మళంగనే చెప్పింది. "ఇన్నాళ్ళూ ఇచ్చిన మందులు బ్యాక్టీరియాని చంపుతాయి, దీన్ని చంపవు. అందుకే జ్వరం తగ్గలేదు. ఇవాళే దీని మందు మొదలుపెట్టాం. మెడలో ఉన్న గొట్టం తీసేయాలి, ఇది ఆ గొట్టాన్ని పట్టుకుని ఉండిపోతుంది."

కరోనా అప్పుడు బ్లాక్ ఫంగస్ అని టీవీల చూసినవన్ని నాకు కండ్ల ముందట తిరిగినయ్. "అదేనా మేడం ఇది?" అని అడిగిన. కాదు, అది వేరు అన్నది. "అయినా ఇదీ చిన్నది కాదమ్మా. మీకు అబద్ధం చెప్పను. ప్రమాదమే" అన్నది.

 నేను ఇంకో ప్రశ్న అడగాల్ననుకున్న కానీ తండ్రి ముందట అడగబుద్ధి కాలె.

ఏంటిదంటే, ఆ పిల్ల రూముల వెనక గోడకు చెమ్మ ఉండె. గోడ అవతల బాత్రూం. ప్రతి వానకాలం గోడ అడుగున నల్లగ చుక్కలు చుక్కలు లేస్తయ్. ప్రతి దసరాకు సున్నం వేయిస్త, మళ్ళ లేస్తయ్. పిల్ల మంచం ఆ గోడ పొంటే ఉంటది. బూజు అనే మాట విన్న కాడినుంచి నాకు ఆ గోడ తప్ప ఇంకోటి కనబడుతలేదు. ఇంటికి పోయి చెప్పులిడవకుండనే పైకెక్కిన. చేత్తో ముడితే గోడ సల్లగ తడిగ తగిలింది. నల్లటి చుక్కలు వేలికి అంటినయ్. బట్టతోని తుడిచిన. తుడిస్తే ఇంకింత పరుచుకున్నది.

రూముల పిల్లలు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నరు. "ఆంటీ, దీంతోనే వచ్చిందా?" అని ఒకతి అడిగింది. నేను జవాబియ్యలె. ఇస్తే బాగుండేదేమో. రెండు రోజుల్ల సందంత మాట పాకింది. ఊర్ల నుంచి తల్లిదండ్రులు ఫోన్లు. "మీ హాస్టల్ల ఫంగస్ ఉన్నదట గదా మేడం?" ఇద్దరు పిల్లలు మా ముఖం చూడకుండ పెట్టెలు సర్దుకొని పోయిండ్రు. వంటామె గిన్నెలన్ని వేడి నీళ్ళల్ల మరగబెట్టి, పచ్చడి జాడీలు తీసి పడేసింది. "మన తిండితోని కాదు గదా అక్కా?" అని నన్ను అడుగుతది. నాకేం తెలుసు? నేను తినే ముద్ద గూడ చూసుకొని తింటున్న.

దవాఖానల పిల్ల మెడ గొట్టం తీసిండ్రు. తీసినంక మందు ఎక్కించనీకి నరం దొరుకుతలేదు. అన్ని రోజుల సూదులకు చేతులు నీలంగ కమిలినయ్. నర్సు చెయ్యి తట్టి, పాదం తట్టి, మోచేతి కింద తట్టి, గుచ్చి, తీసి, మళ్ళ గుచ్చుతది. పిల్లకు అరిచే శక్తి గూడ లేదు, కండ్లపొంటి నీళ్ళు కారుతున్నయ్. ఆ రోజు లోపలికి పోయే వంతు నాది. నేను పిల్ల నుదురు మీద చెయ్యి పెట్టి ఇంకో దిక్కు చూసిన.

ఆ మర్నాడే తండ్రి మా ఇంటికొచ్చిండు. పిల్లకు బట్టలు కావాల్నని. మొదటిసారి గేటు దాటి లోపలికొచ్చిండు. వద్దని ఎట్ల అంట? పైకి తీసుకపోయిన. అల్మారల నుంచి రెండు నైటీలు, తువ్వాల తీసి ఇస్తుంటే, ఆయన కండ్లు గోడ మీద పడ్డయ్. నేను ఎంత తుడిచినా మిగిలిన మరకలు మంచం వెనక కనబడుతనే ఉన్నయ్.

"ఇదేంది?" అన్నడు.

నేను ఏమో చెప్పబోయిన.

"ఇదేంది మేడం? ఈడ ఉన్నది గదా బూజు!" గొంతు పెరిగింది. "పది ఇండ్లు కట్టిన చెయ్యి ఇది. మంది ఇండ్లకు చెమ్మ రాకుండ కట్టిన. నా బిడ్డను ఈ గోడ పక్కన పండబెట్టినవ్! పైసలు తీసుకుంటలేవా? మనిషివేనా నువ్వు?"

పిల్లలు రూములల్లకెల్లి బయటికొచ్చిండ్రు.  ఆయన బట్టలు చంకల పెట్టుకొని మెట్లు దిగి పోయిండు. నేను ఆ మంచం మీదనే కూలబడ్డ. ఏడుపు గూడ రాలె. ఆయన అన్నదాంట్ల ఒక్క మాట గూడ తప్పని నాకు అనిపించలె.

ఆ రోజు దవాఖానకు పోవాల్నా వద్దా అని మస్తు సేపు ఆలోచన చేసిన. పోకపోతే నిజంగనే తప్పించుకున్నట్టు అయితది. పోయిన. ఆయన నన్ను చూసి బల్ల మీదికెల్లి లేచి కిటికీ దగ్గరకు పోయి నిలబడ్డడు. నేను తిన్నగ డాక్టరమ్మ గది ముందట నిలబడి, ఆమె రాంగనే, ఆయనకు వినబడేటట్టే అడిగిన.

"మేడం, మా హాస్టల్ల ఆ పిల్ల పండుకునే గోడకు చెమ్మ ఉన్నది. నల్లటి బూజు ఉన్నది. దాంతోనే వచ్చిందా? ఉన్నదున్నట్టు చెప్పుండ్రి."

ఆయన కిటికీ దగ్గరి నుంచి మళ్ళి చూసిండు. డాక్టరమ్మ ఆయనను గూడ రమ్మని చెయ్యి ఊపింది.

"కాదు. గోడ మీద పెరిగే బూజు వేరు, ఇది వేరు. ఇది మీలో ఉంది, నాలో ఉంది. నోట్లో, పేగుల్లో మామూలుగానే ఉంటుంది. ఏమీ చేయదు. దాని పక్కనే ఉండే మంచి సూక్ష్మజీవులు దాన్ని అదుపులో పెడతాయి. ఈ అమ్మాయికి చీము తగ్గడానికి ఇచ్చిన మందులకి అవి కూడా పోయాయి. పేగు తెగింది, మెడలో గొట్టం ఉంది, ఒంట్లో బలం లేదు. దానికి దారి దొరికింది."

"మరి ఆ మందులు ఎందుకిచ్చిండ్రు?" అని ఆయన అడిగిండు. కోపంగ కాదు. నిజంగనే తెలుసుకుందామని అడిగినట్టు అడిగిండు.

"ఇవ్వకపోతే అమ్మాయి మొదటి వారమే బతికేది కాదన్నా" అన్నది ఆమె. "ఐసీయూలో చాలా రోజులు ఉన్నవాళ్ళకి ఇలా అవుతుంది. పెద్దవాళ్ళకి అవుతుంది, నెలలు నిండకుండా పుట్టిన పసివాళ్ళకీ అవుతుంది. ఎవరో తప్పు చేస్తేనే అవ్వాలని లేదు."

 ఆయన నాకు క్షమాపణ చెప్పలె. నేను ఎదురు చూడలె గూడ. కానీ బల్ల మీదికి తిరిగొచ్చి తన సంచి జరిపి నాకు జాగ ఇచ్చిండు. డాక్టరమ్మ మాట నమ్మిండో లేదో నాకు ఇప్పటికీ తెల్వది. నేనే పూర్తిగ నమ్మనీకి నెలలు పట్టింది.

ఆ తర్వాతి రోజులు అన్నిటికన్న కష్టమైనయ్. మందు మొదలైంది, కానీ రక్తం మళ్ళ మళ్ళ తీసి పరీక్షకు పంపాలె. అండ్ల ఏం పెరగలేదని తేలినంక గూడ మందు వారాలకు వారాలు నడవాలె. మొదటిసారి అడిగితే, "ఇంకా ఉంది" అన్నరు. మళ్ళ పంపిండ్రు. మళ్ళ, "ఇంకా ఉంది." ఆ రెండు మాటలు చెప్పేటప్పుడు నర్సు మా కండ్లల్లకు చూసేది కాదు. గుండె లోపల ఎక్కడన్న అంటిందేమోనని గుండె స్కానింగ్ చేసిండ్రు. అక్కడ లేదన్నరు. మాకు సంతోషపడనీకి గూడ భయమే. ఒక దాంట్ల బాగుందంటే ఇంకో దాంట్ల ఏం చెప్తరో అని.

అదే బల్ల మీద రాంనగర్‌కెల్లి వచ్చిన ఒక చిన్న వయసామె కూర్చుంటుండె. బాలింత. తలకు గుడ్డ కట్టుకొని, చెవులల్ల దూది పెట్టుకొని ఉండేది. ఏడో నెలలనే కాన్పయిందట. కొడుకు పై అంతస్తుల పిల్లల ఐసీయూల, అద్దాల పెట్టెల ఉన్నడు. ఒక రోజు నర్సు మాకు చెప్పుడు విని, "మా బాబుకు గూడ గదే అంటున్నరు అక్కా. రక్తంల ఫంగస్ అంట. కిలో గూడ లేడు" అన్నది. నా చెయ్యి పట్టుకొని, "మీ పిల్లకు తగ్గుతున్నదా?" అని అడిగింది. "తగ్గుతున్నది" అన్న, ఇంకా తగ్గలె గానీ. ఆమె మా దగ్గరకు రోజు వచ్చి, మా రిపోర్టు ఏమొచ్చిందని అడిగేది. మాది బాగైతే వాళ్ళది బాగైతదని ఆమె ఆశ.

ఒక పొద్దున ఆమె బల్ల మీద లేదు. మధ్యాహ్నానికి గూడ రాలె. పైకి పోయి అడిగితే నర్సు, "వాళ్ళ విషయం మీకు చెప్పకూడదమ్మా" అన్నది. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయనను అడిగితే, తెల్లారంగనే పోయిండ్రన్నడు. "పిల్లగాడు ఉన్నడా వాళ్ళతోని?" అంటే తాను చూడలేదన్నడు. ఇంకో దవాఖానకు తీసుకపోయిండ్రో, ఏమైందో, మాకెప్పుడూ తెలియలె. మేస్త్రీ ఆ రోజంత ఏం ముట్టలె. సాయంత్రం మెల్లగ, "అక్కా, నువ్వు పో లోపలికి. నాతోని అయితలేదు" అన్నడు. గోడ కాడ తిట్టినంక మళ్ళ నాతోని మాట్లాడుడు అదే. మేడం అనుడు పోయి అక్కా అనుడు వచ్చింది.

లోపలికి పోతే పిల్ల మెలకువగనే ఉన్నది. జ్వరం రెండు రోజుల నుంచి లేదు. నేను సంబురపడబోయిన. ఆమె నన్ను అదోతీరు చూసుకుంట, "ఆంటీ, నీ ముఖం మీద ఏదో మచ్చ ఉన్నది" అన్నది.

చేత్తో తుడుచుకున్న. "పోయిందా?"

"లేదు. నీ ముఖం మీద గాదు. ఆ గోడ గడియారం మీద గూడ ఉన్నది. ఎటు చూస్తే అటొస్తున్నది."

నేను ఉరికి నర్సుకు చెప్పిన. ఎట్లాగూ కండ్లు చూపియ్యాలని డాక్టరమ్మ రాసే ఉన్నదట, ఈ ఫంగస్ కండ్లల్లకు పోతదట. మర్నాడు కంటి డాక్టరు వచ్చిండు. చుక్కలు వేసి, నెత్తికి లైటు కట్టుకొని, చేతిల భూతద్దం పట్టుకొని ఒక్కో కన్ను చూసిండు. ఎడమ కన్ను బాగనే ఉన్నది. కుడి కంటి వెనక తెర మీద తెల్లటి మచ్చ పడ్డది. చూపుకు ముఖ్యమైన నడిమి భాగం పక్కనే ఉన్నది, అండ్లకు పాకకుండ చూడాలె, మందు ఇంకా ఎక్కువ రోజులు నడుస్తది, అవసరమైతే కంట్లనే సూది వేస్తం అన్నడు.

పిల్ల అంతా విన్నది. అప్పటిదాక ఎన్ని సూదులు గుచ్చినా మాట్లాడని పిల్ల, అప్పుడు ఏడ్చింది. "చదువొస్తదా సార్ నాకు?" అని అడిగింది. ఆయన, "చూద్దాం" అన్నడు. డాక్టర్లు చూద్దాం అనే మాట అననే వద్దు అనిపించింది నాకు.

ఆ వారంల రక్తం రిపోర్టు బాగొచ్చింది. "ఏం పెరగలేదు" అని డాక్టరమ్మ తానే బయటికొచ్చి చెప్పింది. ఇంకోసారి పంపి చూసిండ్రు. అది గూడ బాగొచ్చింది. మేస్త్రీ రెండు చేతులెత్తి ఆమెకు దండం పెట్టిండు. నేను, "ఖాయమేనా మేడం? మళ్ళ వస్తదా?" అని అడుగుతనే ఉన్న. కంటి మచ్చ పెరగలె. సూది అవసరం పడలె. పిల్ల వార్డులకొచ్చింది, గంజి తాగింది, గోడ పట్టుకొని నడిచింది. నడిచి కిటికీ దాక పోయి, కుడి కన్ను మూసి, ఎడమ కన్ను మూసి, ఎదురుంగ దుకాణాల బోర్డులు చదువుకునేది. అప్పటికి పరీక్ష ఎప్పుడో అయిపోయింది. ఆ సంగతి ఎవరం ఎత్తలె.

గోలీలు రాసిచ్చి ఇంటికి పంపిండ్రు. తండ్రి నేరుగ ఊరికి తీసుకపోయిండు. పెట్టె కోసం మా ఇంటికి తాను రాలె, తోటి మేస్త్రీని పంపిండు. దవాఖాన గేటు కాడ మాత్రం నాతోని, "పోయొస్తం అక్కా. మస్తు చేసినవ్" అన్నడు. ఆ మాట నాకు చాలలె, నిజం చెప్పాలంటే. ఇంకేమన్న అంటడేమో అని ఆటో మలుపు తిరిగేదాక నిలబడ్డ.

తర్వాత నేను బాత్రూం పైపు మార్పించి, ఆ గోడ పెచ్చులు కొట్టించి కొత్తగ ప్లాస్టరు చేయించిన. దానికి దీనికి సంబంధం లేదని తెలుసు. అయినా చేయించిన. పోయిన పిల్లల జాగల కొత్త పిల్లలొచ్చిండ్రు. ఎవరన్న కడుపునొస్తుందంటే ఇప్పుడు నేను గోలీ వేసుకోనియ్య. ఆటో పిలుస్త. నన్ను చూసి నవ్వుకుంటరు.

చాలా నెలలకు ఆ పిల్ల మళ్ళొచ్చింది. సన్నబడ్డది, జుట్టు ఊడి భుజాల దాక కత్తిరించుకున్నది. సంతోషంతోని పైన రూము చూపియ్యబోయిన.

"నేను చిక్కడపల్లిల వేరే హాస్టల్ల చేరిన ఆంటీ" అన్నది. "నాయిన ఈడ వద్దన్నడు. డాక్టరమ్మ చెప్పింది గదా అంటే, అయినా వద్దన్నడు. నువ్వేం మనసుల పెట్టుకోకు."

నాకు చివుక్కుమన్నది. "మంచిదే బిడ్డా, లైబ్రరీ దగ్గర" అన్న. లోపలికి పోయి నీళ్ళు తెచ్చేలోపల కండ్లు తుడుచుకున్న.

నీళ్ళు తాగి, "రేపు కండ్ల డాక్టరు దగ్గరకు పోవాలె. చుక్కలు వేస్తే ఏం కనబడది. రోడ్డు దాటాలంటే భయమైతది. జర తోడొస్తవా?" అని అడిగింది.

పోయిన. ఆ చుక్కలు పని చేసేదాక ఆమె కండ్లు మూసుకొని నా పక్కన కూర్చున్నది. ఏసీ గాలికి ఒకసారి వణికింది. నా చెయ్యి దానంతట అదే ఆమె నుదురు మీదికి పోయింది. "చలేస్తుంది, అంతే ఆంటీ" అన్నది కండ్లు తెరవకుండనే.

డాక్టరు మస్తు సేపు చూసిండు. మచ్చ ఎండిపోయింది, పాకలేదు, ఇగ పాకది అన్నడు. కానీ అది పడ్డ చోట చూపు తిరిగి రాదన్నడు. కుడి కంటితోని చూస్తే ఎప్పటికీ అక్కడ ఒక చుక్క ఖాళీగనే ఉంటది. "రెండు కళ్ళతో చదవచ్చమ్మా, పరీక్ష రాయచ్చు" అన్నడు. "ఆర్నెల్లకొకసారి చూపించుకో."

బయటికొస్తే ఎండ. ఆమె కండ్లల్ల నీళ్ళు కారుతున్నయ్, నా మోచెయ్యి గట్టిగ పట్టుకున్నది. నారాయణగూడ చౌరస్తాల బండ్లు ఆగుతలేవు. మధ్యల డివైడర్ దాక దాటినం, అక్కడ నిలబడినం. ఎదురుంగ బస్సొస్తున్నది.

"ఎన్నో నంబర్ బస్సు ఆంటీ అది?" అని అడిగింది.

చెప్పిన.

"నాకు రెండో అంకె కనబడుతలేదు" అన్నది. "చుక్కల వల్లనా, మచ్చ వల్లనా?"

"చుక్కల వల్లనే" అన్న. నాకు తెల్వది. బస్సు పోయింది, దారి దొరికింది, ఆమెను పట్టుకొని అవతలికి దాటిన.